బోణీ దుకాణంలో దొంగ

పొయ్యి మీద పాలు పొంగుతున్న సమయానికే హాస్టల్ అక్క ఫోన్ చేసింది. ఒక చేత్తో గిన్నె దించుతూ ఇంకో చేత్తో ఫోన్ ఎత్తాను.

“చెల్లె, మనం హాస్టల్ల బూట్లు గూడ అమ్ముతున్నమా?”

“ఏం బూట్లక్కా?”

“నాకేమెరుక? గూగుల్ల మన హాస్టల్ పేరు కొడితె బూట్ల బొమ్మలొస్తున్నయి. కింద రాసింది తెలుగు గాదు, ఇంగ్లీషు గాదు. మన పొల్లలు చూసి ఒకటే నవ్వుడు. జర చూడు ఏందో.”

చూశాను. జపాను భాష. నేను ముచ్చటపడి గులాబీ రంగులో పెట్టిన ‘లేడీస్ హాస్టల్’ అన్న అక్షరాల కింద ఎవరివో ఆటల బూట్లు, సగం ధరకి. వాడి దుంప తెగ అనుకున్నాను. ఎవడి దుంపో అప్పటికి తెలియదు.

నేను వెబ్‌సైట్లు తయారు చేస్తాను. పెద్ద కంపెనీలకేం కాదు. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఫ్లాటు ముందుగదే నా ఆఫీసు. పచ్చళ్ళు అమ్మేవాళ్ళు, టైలరింగ్ నేర్పేవాళ్ళు, పెళ్ళిళ్ళకు టెంట్లు వేసేవాళ్ళు, వీళ్ళే నా కస్టమర్లు. మా పుట్టిల్లు తెనాలి వైపు. పెళ్ళయి ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా నా భాష మారలేదు, నా కోపమూ మారలేదు. రెండూ కట్నం కింద తెచ్చుకుందని మా ఆయన అందరికీ చెబుతుంటారు.

వెబ్‌సైటు గాల్లో ఉండదు. ఎక్కడో ఒక పెద్ద కంప్యూటర్లో ఉంటుంది. దాన్ని మొత్తంగా తీసుకునే స్తోమత నాలాంటివాళ్ళకి ఉండదు కాబట్టి అందులో ఒక వాటా అద్దెకు తీసుకుంటాం. షేర్డ్ హోస్టింగ్ అంటారు. మా సందులో ఒకే ఇంటిని నాలుగు పోర్షన్లు చేసి అద్దెకిచ్చినట్టే అనుకోండి. ఆ వాటాలో మళ్ళీ నేను నా కస్టమర్లందరికీ తలో గదీ ఇచ్చాను. బయటి గుమ్మం ఒకటే, తాళం ఒకటే, తాళంచెవి నా దగ్గర.

ఆ గదుల్లో మొట్టమొదటిది ఒక మ్యాచింగ్ సెంటర్‌ది. చీరలకు జతపడే జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్సు అమ్మే దుకాణం. అది నా బోణీ. దుకాణం మూతపడి ఏళ్ళయింది, దాన్ని నడిపిన బాబాయిగారు ఇప్పుడు నాగోల్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. అయినా ఆ సైటు నేను తీయలేదు. బోణీని ఎవరు తీస్తారండీ? రోజూ పని మొదలుపెట్టే ముందు ఆ పేజీ ఒక్కసారి తెరిచి, ఆ రంగురంగుల గుడ్డల వరసలకి మనసులో దణ్ణం పెట్టుకుని, ఆ తర్వాతే మిగతా పని ముట్టుకుంటాను. “దుకాణాలవాళ్ళు అగరొత్తి వెలిగిస్తారు, మా ఆవిడ మౌస్ నొక్కుతుంది” అంటారు మా ఆయన. అననివ్వండి. ఆ బోణీ తర్వాతే నాకు బేరాలన్నీ వచ్చాయి.

ఇక హాస్టల్ అక్క. ఆమెది నల్లగొండ దగ్గర పల్లె. ఈ ఊరికి వచ్చింది ఎవరిదో హాస్టల్లో వంటకి. వడ్డిస్తూ వడ్డిస్తూ ఎవరు తినలేదో, ఎవరికి ఒళ్ళు వెచ్చగా ఉందో, ఎవరు ఇంటికి ఫోన్ చేసి ఏడ్చి వచ్చారో కనిపెట్టేది. పిల్లలు ఆమె చుట్టూ చేరారు. చివరికి ఎల్‌బీ నగర్ చౌరస్తా వెనక సందులో మూడంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకుని సొంత హాస్టల్ పెట్టింది. కోచింగులకొచ్చే పిల్లలు, నర్సింగు చదివే పిల్లలు, మెట్రో ఎక్కి ఉద్యోగాలకు పోయే పిల్లలు అక్కడ ఉంటారు. విజయవాడ రోడ్డు మీద బస్సు దిగిన తండ్రి కూతురి పెట్టె పక్కన పెట్టుకుని ఫోన్‌లో వెతికితే ముందు మాదే కనపడాలన్నది మా ఇద్దరి పంతం. సైటు చేసేటప్పుడు పైన ఏం రాయమంటావని అడిగితే అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “ఆడపిల్లని ఇడిసిపెట్టి పోయే నాయిన ఇంటికి పోయి నిద్రపోవాలె. గట్ల రాయి” అంది. అట్లాగే, ఆమె మాటల్లోనే, పెద్ద అక్షరాల్లో రాశాను.

అలాంటి సైటులో బూట్లు! నాకు ఒళ్ళు మండింది. కొత్తగా చేరిన ఫైళ్ళన్నీ ఏరి పారేశాను. పాస్‌వర్డ్ మార్చాను. ఎందుకైనా మంచిదని ఎప్పుడో దాచిన పాత కాపీ తెచ్చి హాస్టల్ గదిలో పెట్టాను. సైటు చక్కగా తెరుచుకుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ పాత కాపీతో పాటు పాత మెస్ మెనూ కూడా వచ్చి కూర్చుంది. ఆదివారం చికెన్ ఉండాల్సిన చోట గుడ్డు కూర. మధ్యాహ్నానికల్లా పిల్లలు అక్క గది ముందు చేరి ఇదేమన్యాయమని నిలదీశారట.

“బూట్లే నయముండె గద చెల్లె” అంది అక్క ఫోన్‌లో. ఇద్దరం పగలబడి నవ్వుకున్నాం. మెనూ సరిచేసి, ఇక వాడి పీడ వదిలిందనుకున్నాను.

నా మొహం. కొన్నాళ్ళకే మళ్ళీ వచ్చాడు. ఈసారి బూట్లు కాదు, పేకాట. హాస్టల్ పేరు మీద వేలు పెట్టగానే తెర నిండా ముక్కలు గిరగిరా తిరుగుతాయి, నాణేలు జలజలా రాలతాయి, రండి ఆడండి అని ఒకమ్మాయి చెయ్యి ఊపుతుంది. పైగా వాడి తెలివి చూడండి, కంప్యూటర్లో తెరిస్తే సుబ్బరంగా హాస్టలే కనిపిస్తుంది. ఫోన్‌లో తెరిచినవాళ్ళకే పేకాట. నేను కంప్యూటర్లో చూసి “బాగానే ఉందిగా అక్కా” అంటాను. ఆవిడ ఫోన్‌లో చూసి “ఏడ మంచిగున్నది చెల్లె, రాణి కన్నుగొడుతున్నది” అంటుంది.

హోస్టింగ్ వాళ్ళ చాట్‌లో మొరపెట్టుకున్నాను. అటువైపు ఉన్నవారెవరో “మేడమ్, మా సర్వర్ క్షేమంగా ఉంది” అని జవాబిచ్చారు. మా ఇంట్లో దొంగలు పడ్డారు మొర్రో అని పోలీసు స్టేషన్‌కి పోతే మా స్టేషన్లో ఏమీ పోలేదమ్మా అన్నట్టుంది. చేసేది లేక మళ్ళీ నేనే కొంగు బిగించాను. పచ్చళ్ళ గది, టెంట్ల గది, టైలరింగు గది, అన్నీ దులిపాను. బోణీ జోలికి మాత్రం పోలేదు. అది పాత సాఫ్ట్‌వేర్, ఎక్కడ కదిపితే ఏది ఊడుతుందో, ఆ గుడ్డల వరసలు చెదిరిపోతే ఎట్లా అని భయం. పేకాట పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. మళ్ళీ వచ్చింది. నేను పట్టుదలతో ఊడుస్తున్నాను, వాడు అంతకంటే పట్టుదలతో చెత్త పోస్తున్నాడు.

అంతవరకూ నవ్వులాటగానే ఉంది. తర్వాత నవ్వు రాలేదు.

హాస్టల్లో ఒక పిల్ల ఉంది. దేవరకొండ వైపు ఊరు. నర్సింగు చదువుతోంది. ఆ ఊళ్ళో గడప దాటి ఇంత దూరం చదువుకి వచ్చిన ఆడపిల్ల ఈమేనట. తండ్రి రైతు. పంపకపోతే బిడ్డ ఏడుస్తుంది, పంపితే ఊరు ఏదో ఒకటి అంటుంది. ఆయన బిడ్డ వైపే నిలబడ్డాడు. ఒకరోజు ఊళ్ళో టీ హోటల్ దగ్గర ఎవరో దెప్పితే, మా బిడ్డ ఎంత మంచి చోట ఉంటుందో చూడండి అని అందరి ముందూ ఫోన్ తీసి హాస్టల్ పేరు నొక్కాడు. రాణీ, జాకీ ప్రత్యక్షం. టీ తాగుతున్నవాళ్ళందరూ మీదపడి చూశారట.

పాపం, ఆయన అక్కకు ఫోన్ చేసి తిట్టలేదు. తిడితే బాగుండేదని అక్క అంది. “ఆదివారం ఒస్త. గప్పుడు గూడ గిట్లనే ఉంటె బిడ్డని తోల్కపోత” అని పెట్టేశాడట. మా హాస్టల్ పేరు కొడితే పేకాట వస్తుందన్న మాట అప్పటికే అటూ ఇటూ పాకుతోంది. జూన్ నెల, కొత్త పిల్లలు చేరే రోజులు.

గురువారం పొద్దున అక్క బూడిద గుమ్మడికాయ ఒకటి సంచిలో వేసుకుని మా ఇంటికి వచ్చింది. దిష్టి తగిలిందని ఆమె తీర్మానం.

“ఎక్కడ కడతావమ్మా?” మా ఆయన అడిగారు. “ఆ సర్వర్ ఏ దేశంలో ఉందో మీ చెల్లెలికే తెలీదు.”

“గీమె కూసునే కాడ కడత బావా. దిష్టి సర్వర్‌కు గాదు, గీమెకు తగిలింది” అంది అక్క. కుర్చీ ఎక్కి నా కంప్యూటర్ పైన కిటికీ ఊచలకి కట్టేసింది. కాఫీ తాగుతూ అటూ ఇటూ చూసి మెల్లగా అంది: “పొల్ల బ్యాగు సదురుకున్నది చెల్లె. జిప్పు మాత్రం పెట్టలే.”

“ఆదివారం దాకా ఆగమనక్కా.”

“ఇప్పుడు పోతె మల్ల పంపడు. ఇంటికాడ సంబంధాలు చూసుడు షురూ చేస్తరు. పొల్లకు గా సంగతి ఎరికే. అందుకే బ్యాగు ముందల కూసోని చూస్తున్నది.”

అక్క వెళ్ళాక అన్నం కూడా సయించలేదు. నా బతుకులో ఇన్ని సైట్లు చేశాను, ఒక్కటీ ఒక పిల్ల చదువుని ఆపలేదు. ఇది ఆపేటట్టుంది. నాకు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. నాకు కోపమొస్తే కాస్త బుర్ర పనిచేస్తుంది.

శుక్రవారం ఉదయం కొత్తగా ఆలోచించాను. ఇన్నాళ్ళూ చెత్త ఎక్కడుందో వెతికాను గాని ఎప్పుడు పడిందో చూడలేదు. నా వాటాలో ఉన్న ఫైళ్ళన్నిటినీ, ఏ గదిదైనా సరే, మారిన తేదీల వరసలో నిలబెట్టాను. అన్నిటికంటే పైన, నిన్ననే మారిన ఫైలు ఒకటి వచ్చింది. పక్కన గది పేరు చూసి నా కళ్ళు నేనే నమ్మలేదు. మ్యాచింగ్ సెంటర్.

షట్టర్ వేసి ఏళ్ళయిన దుకాణంలో నిన్న ఎవరు తిరిగారు?

లోపలికి వెళ్ళి చూద్దును కదా, లైనింగుల పేజీ పక్కన అచ్చం మా ఫైలు లాంటి పేరుతోనే వాడి ఫైలు. దాని వెనక ఇంకోటి. ఏళ్ళ తరబడి నేను కొత్త తాళాలు వేయని పాత గది అది, వాడు కాపురమే పెట్టేశాడు. అక్కడ కూర్చుని తీరిగ్గా పక్క గదుల్లోకి చేతులు చాపుతున్నాడు. నేను ప్రతిసారీ మిగతా ఇల్లంతా ఊడ్చి, వాడి గది ముందు మాత్రం భక్తిగా ఆగిపోతున్నాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనైతే రోజూ పొద్దున్నే లేచి వాడికి దణ్ణం కూడా పెడుతున్నాను!

మా ఆయనకు చెబితే నవ్వీ నవ్వీ సోఫాలోంచి జారిపోయారు. “హారతి కూడా ఇవ్వాల్సింది” అన్నారు. ఆ పూట ఆయనకి నేను కూర వడ్డించలేదు.

ఫోన్‌లో చెప్పే సంగతి కాదని ఎల్‌బీ నగర్ వెళ్ళాను. అక్క వంటింట్లో బీరకాయలు చెక్కు తీస్తోంది. దొంగ దొరికాడని, ఎక్కడ దొరికాడో, ఎందుకు ఇన్నాళ్ళూ దొరకలేదో అంతా చెప్పాను. ఆమె చేతిలో బీరకాయ అట్లాగే ఆగిపోయింది.

“అంటె నీ బోణీ మంచిగుండాల్నని నా పొల్ల ఆగం గావాల్నా?”

ఆమె కత్తి అందుకుంది. రెండు బీరకాయలు ముక్కలయ్యాయి. ఆ ముక్కల్ని చూస్తే నేనే గుర్తొచ్చాను.

“ఇప్పుడే పోయి తీసేస్తానక్కా” అన్నాను లేస్తూ.

“ఆగు, ఆగు” అంది వెంటనే. “గట్ల తీస్తరా? బోణీ చేసినాయన ఉన్నడు గద నాగోల్ల? పోయి అడిగి తీయి. ఆయనకు చెప్పకుండ తీస్తె నీకు మంచిగుండది, నాకు గూడ మంచిగుండది.”

ఇప్పటిదాకా తిట్టిన మనిషే! కానీ బోణీ విషయంలో కృష్ణా ఒడ్డున పుట్టినా మూసీ ఒడ్డున పుట్టినా మాది ఒకటే మతం. ఆమె చెప్పింది నాకు న్యాయంగానే తోచింది.

శనివారం పొద్దున్నే లాప్‌టాప్ సంచిలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఆటో ఎక్కాను. దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. పెద్దాయన, ఆ దుకాణం ఆయన ప్రాణం, ఇక మిగిలింది ఆ పేజీ ఒక్కటే, దాన్ని కూడా తీసేస్తానని ఎట్లా చెప్పడం? నాగోల్‌లో వాళ్ళ అపార్ట్‌మెంటు మెట్లెక్కేసరికి నాకే కళ్ళు చెమర్చాయి.

బాబాయిగారు బాల్కనీలో పేపరు చదువుతున్నారు. జుట్టంతా పోయింది గాని మనిషి దిట్టంగానే ఉన్నారు. మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకుని, కూర్చుకున్న మాటలన్నీ అప్పజెప్పాను.

ఆయన అంతా విని, “వెబ్‌సైటా? అదింకా ఉందా!” అన్నారు.

“అదేమిటి బాబాయిగారూ, మీరు చూడటం లేదా?”

“నేనెప్పుడు చూశానమ్మాయ్? పక్క కొట్లో చీర కొనుక్కుని జాకెట్టు గుడ్డకొచ్చే ఆడవాళ్ళు ఫోన్‌లో చూసి వస్తారా? ఆ రోజు నువ్వు మా కొట్టుకి ఎదురుగా మెట్ల మీద ఫైలు పట్టుకుని, ఏ కొట్లోనూ కాదనిపించుకుని, ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డావు. నా చెయ్యి మంచిదని బజారంతా పేరు కదా, బోణీ చేద్దామనిపించింది. చేశాను. అంతే.”

ఇన్నేళ్ళూ ఆయన కోసం కూడా కాపాడుతున్నాననుకున్నది ఆయన ఒక్కసారైనా తెరిచి చూడలేదు! నా మొహం చూసి ఆయనకి జాలేసినట్టుంది.

“ఇదిగో అమ్మాయ్, బోణీ నోటు వస్తే ఏం చేస్తాం? కళ్ళకద్దుకుని గల్లాలో వేస్తాం. తర్వాత బేరానికి చిల్లర కావలసొస్తే అదే తీసి ఇచ్చేస్తాం. బోణీ నోటని దాచుకుని కూర్చుంటే వచ్చినవాడికి చిల్లర ఎక్కణ్ణించి ఇస్తాం? ఏదీ, తియ్. కాదు, ఆగాగు. ముందొకసారి చూపించు.”

లాప్‌టాప్‌లో తెరిచాను. నిమ్మపండు రంగు నుంచి నెమలికంఠం రంగు దాకా జాకెట్టు గుడ్డల వరసలు, వాటి ముందు తెల్లచొక్కా వేసుకుని చేతులు కట్టుకున్న బాబాయిగారు. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని చాలాసేపు చూశారు. ఆయన మనసులో ఏం మెదులుతోందోనని నేను ఊపిరి బిగబట్టాను.

“జుట్టు ఎంతుందో చూశావూ!” అన్నారు. “ఈ ఫోటో ఒక్కటి నా ఫోన్‌కి పంపించు. మా అల్లుడికి చూపించాలి, నమ్మడు.”

పంపించాను. తర్వాత ఆ గది మొత్తాన్ని ఎంపిక చేసి, తీసివేయమంటావా అని కంప్యూటర్ అడిగిన చోట ఆపి, లాప్‌టాప్ ఆయన వైపు తిప్పాను. బోణీ చేసిన చెయ్యే తీస్తే మంచిదని నా నమ్మకం. ఆయన నవ్వుతూ వేలు కళ్ళకద్దుకుని నొక్కారు. జాకెట్టు గుడ్డలతో పాటు దొంగ కాపురమూ లేచిపోయింది.

ఇంటికొచ్చి పని పట్టాను. అన్ని గదులూ మూలమూలలా కడిగాను. అక్క హాస్టల్‌కి వేరే వాటా తీసుకున్నాను. దాని గుమ్మం దానిదే, తాళం దానిదే. సాయంత్రానికి ఫోన్‌లో ఎన్నిసార్లు నొక్కినా రాణి రాలేదు, జాకీ రాలేదు. అయినా నాకు నమ్మకం లేదు. ఇంతకుముందు కూడా పోయి వచ్చినవాళ్ళే కదా.

ఆదివారం పొద్దున్నే హాస్టల్‌కి వెళ్ళి గేటు దగ్గర అక్క పక్కన నిలబడ్డాను. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుంది. సన్నగా, రెండు జడలతో ఉంది. నా వైపు చూడలేదు. చూడకపోతేనే మంచిదనిపించింది.

తండ్రి భుజాన గోనెసంచితో సందు మలుపులో కనిపించాడు. గేటు దాకా వచ్చి సంచి దించి, దండం పెట్టి, కుశలమైనా అడక్కుండా జేబులోంచి ఫోన్ తీశాడు. పేరు కొట్టాడు. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. అక్క నా చెయ్యి పట్టుకుంది, ఆమె గోళ్ళు గుచ్చుకుంటున్నాయి. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. బూడిద గుమ్మడికాయకు కూడా మొక్కాను.

హాస్టల్ గేటు ఫోటో తెరుచుకుంది. మేం నిలబడ్డ గేటే.

ఆయన వేలు పెట్టి పెద్ద అక్షరాలు కూడబలుక్కుంటూ పైకే చదివాడు. “ఆడపిల్లని... ఇడిసిపెట్టి పోయే నాయిన... ఇంటికి పోయి నిద్రపోవాలె.” ఆగాడు. మళ్ళీ ఒకసారి తనలో తను చదువుకున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, వంగి, గోనెసంచి మూతి విప్పాడు. నిండా తాటిముంజలు. ఒక్క పిల్లకు కాదు, హాస్టల్ మొత్తానికి సరిపోయేటన్ని.

అక్క వాటిని చూసి నడుం మీద చెయ్యేసుకుంది. “బిడ్డని తోల్కపోనీకి వచ్చినోనివి, గిన్ని ముంజలు ఎవలికి తెచ్చినవ్ అన్నా?”

ఆయన తల గోక్కున్నాడు. “తోల్కపోతనని అన్న గని, తోల్కపోవాల్నని రాలే అక్కా” అన్నాడు.

ఆ పిల్ల తండ్రితో ఒక్క మాటైనా మాట్లాడకుండా లేచి మెట్ల మీదికి పరుగెత్తింది. “గిదేంది, నాయినని పలకరియ్యవా?” అని అక్క వెనకనుంచి కేకేసింది. నేను చితికిన ముంజ ఒకటి చేతిలో పట్టుకుని ఏడుస్తున్నాను, దాని నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. పైన మూడో అంతస్తులో, బ్యాగులోంచి తీసిన పుస్తకాలు ఒక్కొక్కటే బల్ల మీద పడుతున్న చప్పుడు వినిపించింది.